పాత కేసే, ఇచ్చేయండి

నేను రిటైరైన కొన్నాళ్ళకి, ఆయుర్వేదం చదువుతున్న పిల్లలు కొందరు నన్ను పిలిచి పీసీఓఎస్ మీద రెండు గంటలు మాట్లాడించుకున్నారు. నెలసరి తప్పడం, ఒళ్ళు రావడం, గడ్డం కింద వెంట్రుకలు, మెడ చుట్టూ నల్లబడడం, పిల్లలు నిలవకపోవడం, వీటన్నిటినీ మన శాస్త్రం ఎలా చూస్తుందో, ఏ కషాయం ఎవరికి పనికొస్తుందో, ఏ తిండి మానాలో, ఎంత నడవాలో అన్నీ చెప్పాను. చివర్లో వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఈ కేసుల్లో మీరెప్పుడైనా తప్పు చేశారా?" అని అడిగింది.

"చిన్నచిన్నవి అందరికీ జరుగుతాయమ్మా" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేను శాలువా పట్టుకుని బస్సెక్కాను.

అబద్ధం చెప్పాను. ఆ అమ్మాయి పేరు నాకు తెలీదు. ఆమెకి ఆరోజు చెప్పవలసింది ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో విజయం ఏమీ లేదు. ధైర్యం తెచ్చుకోవడానికి చదివేవాళ్ళు ఇక్కడే ఆపేయవచ్చు.

నా ఆఖరి పోస్టింగు శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న ఒక మండలంలో. నేను శ్రీకాకుళంలో ఉండేదాన్ని. పొద్దున్నే బస్సు, బస్సు దిగాక షేర్ ఆటో, ఆటో దిగాక ఇసకలో కాస్త నడక. డిస్పెన్సరీ రెండు గదులు. ముందు గదిలో నేను, వెనక గదిలో మందులూ, ఫార్మసిస్టూ. చూర్ణాలు ఇస్తామని ఊళ్ళోవాళ్ళు దాన్ని 'సూర్నాల ఆస్పత్రి' అనేవారు. మా నాన్నగారు విజయనగరంలో సంస్కృతం పాఠాలు చెప్పేవారు. చిన్నప్పుడే శ్లోకాలు నోటికి రావడంతో ఈ చదువు నాకు సులువుగా వచ్చింది. సులువుగా వచ్చిన చదువు మనిషికి కొంత పొగరు కూడా ఇస్తుంది. ఆ సంగతి తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళ సర్వీసు పట్టింది.

ఫార్మసిస్టు గారిది పొందూరు. నేత నేసేవాళ్ళ ఇంట పుట్టిన మనిషి. ఆయన పొట్లం కడితే మడత మీద మడత సరిగ్గా కూర్చునేది, చిటికెడు పొడి బయటికి రాలేది కాదు. మాట తక్కువ. నేను రాసిన చీటీ కళ్ళజోడు పైకెత్తి ఒకసారి చదివేవారు. అనుమానం వస్తే గుమ్మం దాకా వచ్చి, "మేడమ్, ఇది రెండు పూటలా, ఒక పూటా?" అని అడిగేవారు. నా సర్వీసులో నన్ను అలా ఆపి అడిగిన మనిషి ఆయనొక్కరే. మొదట్లో చిరాకు పడ్డాను. తర్వాత అలవాటైంది. అలవాటయ్యాక ఆయన గొంతు, ఫ్యాను చప్పుడు లాగా, వినిపించడం మానేసింది.

నేను చెప్పబోయే పిల్లని మా దగ్గరికి మొదటిసారి తీసుకొచ్చింది వాళ్ళ అత్త. చేపల బుట్ట ఆటోలో వేసుకుని ఊరూరూ తిరిగి అమ్మే మనిషి. గొంతు పెద్దది. గదిలోకి వస్తూనే, "డాట్రమ్మా, మా కోడలు. పీసీవోడీ అంటన్నారు. దీనికి నువ్వే ఏదో ఒకటి సెయ్యాల" అంది, నా చేతిలో బిడ్డని పెట్టినట్టు.

కోడలికి పాతికేళ్ళు ఉంటాయి. పెళ్ళయి ఆరేళ్ళు. ఎండు చేపలు ఆరబెట్టి అమ్మేది. తల వంచుకుని కూర్చుంది, చీర కొంగు గడ్డం దాకా లాక్కుని. గడ్డం కింద వెంట్రుకలు రోజూ పీక్కుంటోందని చర్మం చూస్తే తెలిసింది. నెలసరి మూడు నెలలకోసారి, ఒకప్పుడు ఆరు నెలలకోసారి. శ్రీకాకుళంలో స్కానింగు తీయించారు. అండాశయాల నిండా చిన్నచిన్న నీటిబుడగలని రాశారు. అక్కడిచ్చిన మాత్రలు వేసుకుంటే వాంతులు, కడుపుబ్బరం. రెండు నెలలు వాడి మానేసింది. భర్త గుజరాత్‌లో బోట్ల మీద పని. ఆ ఊళ్ళో మగవాళ్ళు చాలామంది అంతే. వేసవిలో వేట ఆగినప్పుడు ఇంటికొస్తారు, వానల నడిమికి మళ్ళీ వెళ్ళిపోతారు. ఏడాదికి రెండు నెలలు, రెండున్నర నెలలు కాపురం. ఆ రెండు నెలల్లో నెలసరి అసలు రానిదానికి పిల్లలెక్కడ?

ఆమెకి జబ్బు అర్థమయ్యేలా చెప్పడానికి కాస్త తిప్పలు పడ్డాను. కఫం, మేదస్సు అంటే ఏం తెలుస్తుంది? "విత్తనం లోపల తయారవుతోందమ్మా, బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. అక్కడే ఆగిపోయి బుడగలా ఉండిపోతోంది" అన్నాను.

ఆమె మొదటిసారి తలెత్తింది. "అయితే మొగ పూడిపోనాదన్నమాట."

మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. ఇసక మేటవేస్తే పడవలు లోపలే ఉండిపోతాయి, నీళ్ళు వెనక్కి తన్ని పొలాలు పాడవుతాయి. నేను పుస్తకాల్లో చదివినదాన్ని ఆ పిల్ల ఒక్క మాటలో చెప్పేసింది. "అంతే. ఆ ఇసక తియ్యాలి మనం" అన్నాను. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నాం. ఆరోజు నుంచి ఆమె నాకు ఇష్టమైన పేషెంటైంది. ఇష్టమైన పేషెంటు ఉండడం మంచిది కాదని నాకెవరూ చెప్పలేదు.

మొదట తిండి మార్చాను. మూడు పూటలా తెల్లన్నం తినేది, రోజుకి అయిదారుసార్లు చక్కెర నిండా పోసుకున్న టీ తాగేది. పొద్దున్న చోడి అంబలి, అదే రాగంబలి, మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి కూర, చేపలు, వారానికి రెండుసార్లు ఉలవచారు. రాత్రి పెరుగు వద్దన్నాను. సాయంత్రం ఎండు చేపలు ఎత్తేశాక ఒడ్డు వెంట పక్క ఊరి దాకా నడిచి రమ్మన్నాను. అత్త పడీపడీ నవ్వింది. "పనీపాటా లేనోల్లు నడుస్తారు గానీ, మనకేటి నడక డాట్రమ్మా?" అంది. అన్నా సరే, తర్వాత తనే కోడలితో నడవడం మొదలెట్టింది, ఎవరైనా నవ్వితే తిట్టడానికి. జీర్ణం కుదుటపడాలని ముందు చూర్ణాలు, తర్వాత కషాయం, గుగ్గులు మాత్రలు. ఇదంతా నెమ్మదిగా నడిచే వైద్యం. నాలుగు నెలల దాకా ఏమీ ఆశించొద్దని ముందే చెప్పాను.

వీటితోపాటు, నెలసరి మరీ ఆలస్యమైనప్పుడు దాన్ని తెప్పించే మాత్రలు కొన్ని రోజులు ఇచ్చేదాన్ని. ముసాంబరం, ఇంగువ, వెలిగారం, అన్నభేది కలిపి చేసేవి. గర్భసంచిని కదిలించే మందు అది. కడుపుతో ఉన్న మనిషికి ఇవ్వకూడదు. అందుకని ఇచ్చే ముందు ప్రతిసారీ మూత్రపరీక్ష చేయాలని నా నియమం. చిన్న పట్టీ మీద నాలుగు చుక్కలు వేస్తే రెండో గీత పడేదీ లేనిదీ తేలిపోతుంది. పట్టీలు ఊళ్ళో ఆశా కార్యకర్త దగ్గరుండేవి, మా బీరువాలోనూ ఉండేవి. లేకపోవడం వల్ల జరిగిన తప్పు కాదిది. ఆ మాట ముందే రాస్తున్నాను.

మొదటి రెండుసార్లు పరీక్ష చేశాను. మూడోసారి పట్టీ చేతిలో పెడితే ఆ పిల్ల మూతి ముడిచింది.

"మా ఆయన గుజరాత్‌లో ఉన్నాడు డాట్రమ్మా. కడుపు పోన్లో వస్తాదేటి?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. వెనక గదిలో ఫార్మసిస్టు గారు దగ్గారు, నవ్వు ఆపుకోవడానికి. నేనూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాను. తల ఎత్తని పిల్ల నా గదిలో హాస్యమాడుతోందంటే నా వైద్యం సగం ఫలించినట్టే అనిపించింది. ఆ నెల పట్టీ వాడలేదు. ఆ తర్వాత కూడా వాడలేదు. నిజమే, అవసరం లేదు, మనిషి అక్కడెక్కడో ఉన్నాడు. నియమం అలా పోయింది. ఎవరూ కొట్టెయ్యలేదు. నవ్వుతూ నవ్వుతూ వదిలేశాం.

ఎనిమిది నెలలకి ఆమె బాగా తేలికపడింది. మెడ నలుపు తగ్గింది. నెలసరి యాభై రోజులకి, తర్వాత నలభైకి, వేసవి ముందు ముప్పై నాలుగు రోజులకి వచ్చింది. మాత్రలు లేకుండా దానంతటదే వచ్చిన నెల, అత్త పొద్దున్నే బుట్టతో దిగి, "వచ్చీసినాది డాట్రమ్మా! దానంతటదే వచ్చీసినాది!" అని వరండాలోంచే కేకేసింది. బయట కూర్చున్న మగవాళ్ళు ఏం వచ్చిందో తెలీక వెనక్కి తిరిగి చూశారు.

నేను ఆ కేసు రాసుకున్నాను. విజయనగరంలో మా శాఖవాళ్ళ సమావేశం జరిగితే, తారీకులన్నీ పట్టిక వేసి చదివాను. చాలా బాగుందన్నారు, కాపీ తీసుకున్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, రిటైరయ్యేలోపు ఒక మంచి పని చేశాను అనుకున్నాను.

ఆ వేసవి చివర భర్త వచ్చాడు. ఆమె రావడం తగ్గింది. కషాయం పొడి కోసం అత్తే వచ్చేది. "మొగుడొచ్చినాడు కదా, బయటికి రాదు" అనేది మురిపెంగా. ఒక నెల బాగానే గడిచింది. తర్వాత వానలు పట్టుకున్నాయి, జ్వరాలు మొదలయ్యాయి.

ఆ రోజు నాకు ఇప్పటికీ గంటలవారీగా గుర్తుంది. పొద్దున్నే వరండా నిండిపోయింది. పదకొండింటికి ఫోన్లో వీడియో మీటింగు ఉంది. ముందురోజు ఓపీ వివరాలు యాప్‌లో ఎక్కించలేదని పై ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. సిగ్నల్ ఉండేది ఒక్క కిటికీ దగ్గరే. నేను కిటికీ దగ్గర నిలబడి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో చీటీలు రాస్తున్నాను. అత్త జనాన్ని తోసుకుని లోపలికొచ్చింది. తడిసిపోయి ఉంది.

"డాట్రమ్మా, కోడలికి రాలేదు. నలభై రోజులైపోనాది. మల్లీ ఆగిపోనాదేటో. ఆ మాత్రలియ్యి. నిన్ననే మావోడు రైలెక్కీసినాడు, రెండు నెల్లు ఉండి. అది కడుపులో నొప్పి, ఒల్లు బరువు అని పడుకున్నాది."

ఈ మాటలన్నీ నా చెవిన పడ్డాయి. ఒక్కటి కూడా పోలేదు. ఇవాళ పొల్లు పోకుండా అప్పజెప్పగలుగుతున్నానంటే అప్పుడు విన్నట్టే కదా. కానీ నా తలలో ఉన్నది నా పట్టిక. యాభై, నలభై, ముప్పై నాలుగు. ఇప్పుడు మళ్ళీ నలభై. నా పట్టిక చెడిపోతోందని ఉక్రోషం వచ్చింది. చీటీ రాసి వెనక గదికి పంపాను.

ఫార్మసిస్టు గారు గుమ్మం దగ్గరికొచ్చారు. చీటీ చేతిలోనే ఉంది.

"మేడమ్, దీనికి ముందు టెస్టు..."

"పాత కేసే, ఇచ్చేయండి" అన్నాను, ఫోన్లోంచి తల తిప్పకుండా.

ఆయన కళ్ళజోడు పైకెత్తి చీటీ ఇంకోసారి చదివారు. తర్వాత లోపలికి వెళ్ళి పొట్లం కట్టారు.

వారం తిరిగాక ఆశా కార్యకర్త ఏదో పని మీద వచ్చి, "మీ పేషెంటుకి వచ్చేసిందంట మేడమ్. వాళ్ళత్త చెప్పమంది" అంది. నేను రిజిస్టరు తెరిచి ఆ పిల్ల పేరెదురుగా 'వచ్చింది' అని రాశాను. అక్షరాలు కుదురుగా ఉంటాయి, చూస్తే తెలుస్తుంది. తృప్తిగా రాసిన చేతిరాత.

అది రాసిన మూడో రోజు ఆటో వచ్చి వరండా ముందు ఆగింది. ఆశా కార్యకర్త ముందు దిగింది. "మేడమ్, ఆగట్లేదు. గడ్డలు గడ్డలుగా పోతోంది" అంది. ఆటోలో ఆ పిల్ల అత్త ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. నాడి చూస్తే వేగంగా, దారంలా ఉంది. సీటు మీద పరిచిన దుప్పటి చూశాను. చూసిన క్షణమే నాకు తెలిసిపోయింది. అప్పుడు తలలోకి వచ్చింది పట్టిక కాదు. నిన్ననే మావోడు రైలెక్కీసినాడు, రెండు నెల్లు ఉండి. ఆ మాట ఒక్కటే.

నేనూ ఆటో ఎక్కాను. శ్రీకాకుళం దాకా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నాగావళి వంతెన మీద ట్రాఫిక్ ఆగితే అత్త తల బయటికి పెట్టి, దారి వదలమని అందరినీ తిట్టింది. ఆమె ఇంకా ఇది నెలసరే, ఎక్కువైంది అనుకుంటోంది. నేను మళ్ళీ నాడి చూశాను.

ఆసుపత్రిలో చూసిన లేడీ డాక్టరు నా కూతురి వయసు ఉంటుంది. స్కానింగు చూసి బయటికొచ్చి, "ప్రెగ్నెన్సీ అండి. ఏడు వారాలు ఉండొచ్చు. చాలావరకు పోయింది, మిగతాది క్లీన్ చేయాలి" అంది. అత్త నా వైపు చూసింది. "ఏటంటన్నాది డాట్రమ్మా? కడుపా?" అంది. అవునన్నాను. "మా దానికా?" అంది. ఒక్క క్షణం ఆమె మొహంలో వెలుగు కనిపించింది. ఆ వెనకే మిగతా మాట అర్థమై, గోడకి జారిపోయి నేల మీద కూర్చుంది.

లేడీ డాక్టరు మామూలుగానే అడిగింది, "ఏమైనా మందులు వాడిందా?"

చెప్పాను. ఏం మాత్రలు, ఎన్ని రోజులు, ఎవరిచ్చారు, పరీక్ష చేయలేదు. అన్నీ చెప్పాను. ఆమె రాసుకుంటూ రాసుకుంటూ పెన్ను ఆపింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నన్ను పక్కకి తీసుకెళ్ళి, "పీసీఓఎస్ వాళ్ళకి మొదటి నెలల్లో పోవడం మామూలుగానే ఎక్కువ మేడమ్. మందు వల్లే అని చెప్పలేం. కాదనీ చెప్పలేం" అంది. దయగానే అంది. ఆ దయ ఎక్కడ పెట్టుకోవాలో నాకిప్పటికీ తెలీదు. మందు వల్లే అంటే ఒక బాధ, కాదంటే ఒక ఊరట. రెండూ కాని చోట నన్ను నిలబెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు మంచం దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్ల నన్ను చూసి లేవబోయింది. వద్దని పడుకోబెట్టాను.

"నాదే తప్పు డాట్రమ్మా" అంది.

"నీదేంటమ్మా?"

"నాకు అనిపించినాది. ఒల్లు తేడాగా ఉన్నాది. ఇదివరకు రెండుసార్లు నెల ఆగితే కడుపేమో అని ఇంట్లో సెప్పీసి, తర్వాత వచ్చీస్తే అందరూ నవ్వినారు. మల్లీ నవ్వులపాలు ఎందుకని ఊరుకున్నాను. మాత్రలు అత్త తెచ్చి సేతిలో ఎట్టినాది. మీరిచ్చినారు కదా, మీకు తెలుసు కదా అని ఏసుకున్నాను."

అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. జనరల్ వార్డు, చుట్టూ జనం, రక్తం ఎక్కుతోంది, ఇప్పుడు కాదు, అనుకున్నాను. "నీ తప్పేమీ లేదమ్మా" అని మాత్రం అన్నాను. ఆమె తల తిప్పుకుంది. "ఆయనకి కడుపొచ్చినాదనీ, పోనాదనీ ఒక్కసారే సెప్పినాను" అంది గోడకేసి చూస్తూ. "ఏది ముందు సెప్పాలో తెలీలేదు."

పది రోజులు నేను డిస్పెన్సరీకి వెళ్ళాను, చీటీలు రాశాను, యాప్‌లో వివరాలు ఎక్కించాను. ఒక మధ్యాహ్నం జనం లేనప్పుడు ఫార్మసిస్టు గారి దగ్గరికి వెళ్ళి, "మీరు అడిగారండి ఆరోజు" అన్నాను.

"అడిగి ఊరుకున్నాను మేడమ్" అన్నారాయన. "ఇవ్వకుండా ఉండాల్సింది. మందు ఉన్నది నా చేతిలోనే కదా."

ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఆ సంగతి మళ్ళీ రాలేదు. కానీ ఆయన పొట్లం కట్టడం నెమ్మదైంది. కట్టిన పొట్లం విప్పి మళ్ళీ చూసి కట్టేవారు. జనం విసుక్కునేవారు.

చెప్పకుండా ఉండలేకపోయాను. ఒక ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. అత్తా కోడలూ వాకిట్లో ఎండు చేపలు తిరగేస్తున్నారు. నన్ను చూసి చాప వేశారు. నేను కూర్చుని, నీళ్ళు కూడా ముట్టకుండా, చిన్నప్పుడు నాన్నగారికి పాఠం అప్పజెప్పినట్టు చెప్పేశాను. ఆ మాత్రలు కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. ఇచ్చే ముందు పరీక్ష చేయాలి. నేను చేయలేదు. మీ అబ్బాయి వచ్చి వెళ్ళాడని మీరు చెప్పారు, అయినా చేయలేదు. తప్పు నాది.

చేపల మీద ఈగలు ముసురుతున్నాయి, ఎవరూ తోలలేదు.

కోడలు అడిగింది, "ఆ మాత్రలు ఏసుకోకపోతే ఉండేదా?"

"చెప్పలేనమ్మా. ఉండేదేమో. ఉండకపోయేదేమో."

"తెలుసుకోడానికి ఏటీ లేదా?"

"లేదు."

అంతవరకూ నన్ను 'మీరు' అన్న పిల్ల అప్పుడు నా కళ్ళలోకి చూసి, "మరెందుకు సెప్పినావు?" అంది.

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నిజం చెప్పడం ధర్మమనుకుని వెళ్ళాను. ఆ ప్రశ్న విన్నాక అర్థమైంది, నేను మొయ్యలేనిది తీసుకెళ్ళి వాళ్ళ వాకిట్లో దించాను. పక్కన అత్తని చూశాను. ఆమె తన రెండు చేతులూ ఎదురుగా పెట్టుకుని చూసుకుంటోంది. మాత్రలు తెచ్చిన చేతులు. గ్లాసుతో నీళ్ళిచ్చి, దగ్గర నిలబడి మింగించిన చేతులు. నా తప్పు నేను ఒప్పుకోవడానికి వెళ్ళి, ఆ తప్పులో ఆమెకీ వాటా ఉందని చెప్పి వచ్చాను. ఆ ఆలోచన నాకు అక్కడికి వెళ్ళేదాకా రాలేదు. ఆమె నా గురించి ఊళ్ళో ఒక్క మాట చెడ్డగా అనలేదు, ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. చేసుంటే బాగుండేది.

మా పై ఆఫీసులో నేనే చెప్పాను. ఆ కేసు కాపీ వెనక్కి ఇమ్మన్నాను, చివర ఏం జరిగిందో రాసి ఇస్తానన్నాను. అధికారి మంచి మనిషే. "మేడమ్, మీరు రాసింది నెలసరి క్రమబద్ధం కావడం గురించి. అది అయింది కదా. తర్వాతది వేరే విషయం. రిటైర్మెంటు ముందు ఇదంతా ఎందుకు?" అన్నాడు. ఇంకోసారి అడగలేదు నేను. కాగితం మీద ఆమె ఇప్పటికీ నా అత్యుత్తమ కేసు. నా తర్వాత వచ్చే పిల్లలు ఆ పట్టిక చూసి నేర్చుకుంటారు కాబోలు.

ఆ పిల్ల మళ్ళీ డిస్పెన్సరీకి రాలేదు. అంబలి మానేసిందనీ, నడక మానేసిందనీ ఆశా కార్యకర్త చెప్పింది. మరుసటి వేసవిలో భర్త రాలేదు. పని దొరికింది, అక్కడే ఉండిపోయాడన్నారు. నిజమెంతో నేను కనుక్కోలేదు.

ఈ శాస్త్రం చదువుకుంటున్న మీకు చెప్పేది పెద్దగా లేదు. మన మందులు పనిచేస్తాయి. అదే భయం. పనిచేయని మందైతే ఎవరికిచ్చినా ఫరవాలేదు. పేషెంటు ఎంత నవ్వించినా, మొగుడు ఏ దేశంలో ఉన్నాడన్నా, మీకు ఎంత పాత కేసైనా, ఆ చిన్న పట్టీ ముందు పెట్టండి. స్కానింగు తీసినవాళ్ళతో మాట్లాడండి, వాళ్ళూ మనమూ చూసేది ఒక్క మనిషినే. గుమ్మంలో నిలబడి ఎవరైనా ఒక ప్రశ్న వేస్తే తల తిప్పి చూడండి. ఇవన్నీ మీకు పుస్తకాల్లోనే ఉన్నాయి. నాకూ ఉన్నాయి.

రిటైరవడానికి నెల ముందు ఆ ఊళ్ళో వైద్య శిబిరం పెట్టారు. శిబిరం ముగిశాక నా కాళ్ళు వాళ్ళింటి వైపే నడిచాయి. అత్త ఒక్కతీ వాకిట్లో వల బాగుచేస్తోంది. ఏడాదిన్నరలో బాగా చిక్కిపోయింది. ఆ పెద్ద గొంతు లేదు.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఉన్నాది డాట్రమ్మా."

"నెలసరి...?"

"తెలీదు. నానడగను. అది సెప్పదు."

నా మాట వినబడి కోడలు లోపల్నుంచి వచ్చింది. మళ్ళీ ఒళ్ళు వచ్చింది. గడ్డం దాకా కొంగు లేదు, దాచుకోవడం మానేసింది. నాకు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, నా పక్కన గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళేదాకా చూసి అత్త గొంతు తగ్గించింది.

"ఆ వేల నువ్వొచ్చి సెప్పిన కాడ్నుంచి నా సేత్తో ఏటిచ్చినా పుచ్చుకోదు డాట్రమ్మా. అన్నమైనా, నీల్లయినా అదే ఎట్టుకుంటాది. కోపం కాదు, నన్నేటీ అనదు. మొన్న జొరమొచ్చి పడుకున్నాది, దాహమంటన్నాది. గ్లాసు నింపి గుమ్మం దాకా ఎల్లినాను. నాకే సెయ్యి సాగలేదు. గడప మీద ఎట్టీసి వచ్చీసినాను. అది దేక్కుంటూ వచ్చి తాగినాది."

మళ్ళీ వల అందుకుంది.